అరిచేది ఒకటి, చూసేది ఇంకొకటి

*మాస్టారూ, మాది పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసు. పదకొండు మందిమి. ఆరేళ్లుగా నేను డాక్యుమెంటేషన్ చూస్తున్నాను. దసరా ముందు మా సార్ అన్ని సిస్టమ్స్‌లోనూ కొత్త యాంటీవైరస్ వేయించారు. అప్పట్నుంచి ప్రశాంతత లేదు. సరిగ్గా పదకొండింటికి, ఫైలింగ్ హడావుడిలో ఉండగా స్కాన్ మొదలై సిస్టమ్ హ్యాంగ్ అవుతుంది. డిజిటల్ సంతకం డోంగిల్ (పెన్‌డ్రైవ్ లాంటిది) పెట్టి సంతకం చేయబోతే ఒక్కోసారి అడ్డం పడుతుంది. ఇది చాలదన్నట్టు రోజుకి పది పదిహేనుసార్లు ‘మీ యాంటీవైరస్ గడువు తీరింది, 3 వైరస్‌లు దొరికాయి’ అని ఒక ఎర్రడబ్బా, దానికో సౌండు. పోయిన సోమవారం సార్ అందరి ముందూ ‘మధ్యాహ్నం పూట షాపింగులూ పెళ్లిసంబంధాలూ ఎక్కువయ్యాయి, ఎవరెక్కడికెళ్తున్నారో నాకంతా కనబడుతోంది’ అన్నారు. మా చెల్లికి సంబంధాలు చూస్తున్నది నేనే. అదీ లంచ్‌లో, ఇన్‌కాగ్నిటోలో. షాపింగ్ మాత్రం ఒట్టు, నేను చూడలేదు. ఇన్‌కాగ్నిటోలో చూసినా ఎలా తెలిసింది? అదే సిస్టమ్‌లో నా బ్యాంకు కూడా ఓపెన్ చేశాను. పాస్‌వర్డ్ ఆయనకి తెలిసిపోయినట్టేనా? ఆఫీసు వైఫైకి ఉన్న నా ఫోను కూడా కనబడుతుందా? పక్క సీటు అబ్బాయి ‘సేఫ్ మోడ్‌లోకెళ్లి ఆ యాంటీవైరస్ పీకేద్దాం అక్కా’ అంటున్నాడు. పీకేయమంటారా?*

*— పేరు వద్దు, సీతమ్మధార, విశాఖపట్నం*

ముందు ఆ అబ్బాయి చేతిలోంచి మౌస్ తీసుకోండమ్మా. మిగతావి తీరిగ్గా మాట్లాడుకుందాం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రోజంతా మీ చెవులు కొరికే డబ్బాలు వేరు, మీరు ఎక్కడెక్కడికి వెళ్లారో రాసుకునేది వేరు. రాసుకునేది చప్పుడు చేయదు. చప్పుడు చేసేవాటిలో ఒకటి అసలు మీ యాంటీవైరస్సే కాదు. దాంతోనే మొదలుపెడదాం, ఎందుకంటే మీ షాపింగ్ నింద వెనక అదే ఉందని నా అనుమానం.

దసరా ముందు కొన్న యాంటీవైరస్‌కి అప్పుడే గడువెలా తీరుతుంది? తీరదు. మీకు కనబడే ఎర్రడబ్బా బ్రౌజర్ నోటిఫికేషన్. ఎప్పుడో, ఎవరో, మీ సిస్టమ్‌లో ఒక సైటు తెరిచారు. ‘మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి’ అని అడిగింది. నొక్కారు. ఆ ఒక్క నొక్కుతో ఆ సైటుకి మీ తెర మీద ఎప్పుడు కావాలంటే అప్పుడు చీటీ అంటించే హక్కు వచ్చేసింది. పేరున్న యాంటీవైరస్‌ల బొమ్మ దొంగిలించి పెట్టుకుంటారు, చూడగానే గుండె జారుతుంది. ఈసారి వచ్చినప్పుడు కంగారుపడకుండా డబ్బాలో చిన్నక్షరాలు చూడండి. క్రోమ్ పేరూ, దాని పక్కన నోరు తిరగని ఒక సైటు పేరూ ఉంటాయి. నిజమైన యాంటీవైరస్ తన మాట తన కిటికీలోనే చెబుతుంది, క్రోమ్‌ని అరువు తెచ్చుకోదు.

క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. అలౌ చేసిన సైట్ల జాబితా అక్కడుంటుంది. మీకు తెలియని ప్రతి పేరునీ తీసేయండి. రెండు నిమిషాల పని. ఆ డబ్బాలో ఫోన్ నంబరు ఏదైనా కనిపిస్తే మాత్రం పొరపాటున కూడా చేయకండి. అవతల తీయగా మాట్లాడేవాడు మీ సిస్టమ్‌ని తన చేతిలోకి తీసుకునే యాప్ ఒకటి వేయమంటాడు, ఆపైన కథ మీరు పేపర్లో చదివేదే.

ఇప్పుడు షాపింగ్ సంగతి. మీ సార్ చూసింది బహుశా ఒక రంగుల చక్రం. ఆఫీసులకు అమ్మే యాంటీవైరస్‌కి ఒక సెంట్రల్ కన్సోల్ ఉంటుంది. ఏ సిస్టమ్ నుంచి ఏ సైట్లకి వెళ్లారో అది రకాలుగా విడగొట్టి చూపిస్తుంది: వార్తలింత, షాపింగింత, మ్యాట్రిమోనీ ఇంత. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, సాక్ష్యంగా మాత్రం పేలవం. మీరు ఒక వార్తల సైటు తెరిస్తే ఆ పేజీ వెనకాల నుంచి పదులకొద్దీ వేరే సైట్లకి పిలుపులు వెళ్తాయి. ప్రకటనలు, ప్రకటనలు ఎవరు చూశారో లెక్కపెట్టేవి, వీడియోలు. అందులో చీరల ప్రకటన ఉంటే ఆ చీరల కొట్టు కూడా మీ ఖాతాలో పడొచ్చు. పేజీ మూసేయకుండా లంచ్‌కి వెళ్లిపోతే ప్రకటన మారిన ప్రతిసారీ ఇంకో లెక్క. పైగా మీ ఎర్రడబ్బా వాళ్లు ఊరుకుంటారా, మిమ్మల్ని తోసేది చాలాసార్లు ఇలాంటి అంగళ్లకే. కాబట్టి ఆ నోటిఫికేషన్లు తుడిచేశాక ఒక వారం ఆగి, సార్‌ని మళ్లీ చక్రం చూడమనండి. తేడా ఆయనకే తెలుస్తుంది.

చాలా ఏళ్ల క్రితం డాబాగార్డెన్స్‌లో ఒక ఆఫీసుకి నేను సిస్టమ్స్ చూసేవాణ్ణి. ఆఫీసు పేరు అడక్కండి. ‘ఎవరు ఏం చూస్తున్నారో నాకు రిపోర్టు కావాలి’ అన్నారు పెద్దాయన. ఎక్కువ వాడినవాళ్ల పేరు పైన వచ్చేలా ప్రింటు తీసిచ్చాను. పైన ఉన్నది ఆయన పేరే. సగం క్రికెట్ స్కోర్లు, మిగతా సగం అమెరికాలో ఉన్న మనవడి ఫొటోలు. కాగితం సొరుగులోకి వెళ్లింది, మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఇన్‌కాగ్నిటో దగ్గరకొద్దాం. మీ పని మాటల్లోనే చెబుతాను, మీకు నాకంటే బాగా తెలిసిన లోకం అది.

కంటైనర్ లారీ పోర్టు గేటు దాటుతుంది. గేటులో లారీ నంబరు, టైము, ఎక్కడికెళ్తోందో రాసుకుంటారు. తలుపుకి సీల్ ఉంది కాబట్టి లోపల సరుకేమిటో గేటువాడికి కనబడదు. ఇప్పటి సైట్లు దాదాపు అన్నీ ఇలా సీల్ వేసుకునే నడుస్తాయి. మీ ఆఫీసు నెట్‌కి ఈ గేటులా కాపలా ఉండే ఫైర్‌వాల్‌కి మీరు ఏ సైటుకెళ్లారో తెలుస్తుంది, లోపల ఎవరి ప్రొఫైల్ చూశారో, ఏం టైప్ చేశారో తెలియదు. ఇక ఇన్‌కాగ్నిటో అంటే, పని అయ్యాక మీ ఫైల్లో ఉన్న ఆఫీసు కాపీని, అంటే బ్రౌజర్ హిస్టరీని, మీరు చింపేయడం. గేటు రిజిస్టరు గేటులోనే ఉంటుంది. ఇది నేను చెప్పేది కూడా కాదు, ఇన్‌కాగ్నిటో కొత్త కిటికీ తెరవగానే క్రోమే చెబుతుంది, మీరేం చేస్తున్నారో మీ యజమానికి, ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లకి కనబడొచ్చు అని. ఆ నల్ల పేజీని మనం ఎవ్వరం చదవం, అంతే.

అయితే కస్టమ్స్ వాళ్లు ఎగ్జామినేషన్‌కి వేస్తే ఏం జరుగుతుంది? సీల్ తెంచుతారు, లోపల చూస్తారు, తమ సీల్ వేసి పంపుతారు. కంప్యూటర్లోనూ అచ్చం అదే ఏర్పాటు ఉంది. యాంటీవైరస్ గానీ ఫైర్‌వాల్ గానీ మీ సిస్టమ్‌లో తన సర్టిఫికెట్ ఒకటి ముందే నాటుకుంటుంది. ఆ తర్వాత సైటు సీల్ తాను విప్పి, వైరస్ ఉందేమో చూసి, తన సీల్‌తో మీకు అందిస్తుంది. మీ బ్రౌజర్‌కి ఆ సీల్ మీద నమ్మకం ముందే కుదిర్చి పెట్టారు కాబట్టి కిక్కురుమనదు. వైరస్‌లు కూడా సీల్ వేసిన దారిలోనే వస్తాయి గనక దీనికో న్యాయం ఉంది. ఇబ్బంది కూడా అక్కడే ఉంది.

మీ సీల్ ఎవరిదో మీరే చూసుకోవచ్చు. బ్యాంకు పేజీ తెరిచి, లాగిన్ అవ్వకుండానే, అడ్రసుకి ఎడమవైపున్న గుర్తు నొక్కండి. ఒకప్పుడు అక్కడ తాళం ఉండేది, 2023 నుంచి క్రోమ్‌లో రెండు గీతల గుర్తు వచ్చింది. కనెక్షన్ సెక్యూర్ అన్న లైను, దానిలోంచి సర్టిఫికెట్, అందులో ‘ఇష్యూడ్ బై’ చూడండి. డిజిసర్ట్, గ్లోబల్‌సైన్, సెక్టిగో లాంటి సర్టిఫికెట్లిచ్చే కంపెనీ పేరుంటే సీల్ తెగలేదు. మీ యాంటీవైరస్ పేరో, ఫైర్‌వాల్ కంపెనీ పేరో, మీ ఆఫీసు పేరో కనబడితే దారిలో ఎవరో విప్పి మళ్లీ కట్టారు. యాంటీవైరస్ పేరు కనబడినంత మాత్రాన మీ సార్ కూర్చుని చదువుతున్నారని కాదు. చాలామటుకు ఆ విప్పడం, చూడడం, కట్టడం మీ సిస్టమ్‌లోనే క్షణంలో జరిగి అక్కడితో ముగుస్తుంది. బ్యాంకు సైట్లని విప్పకుండా వదిలేసే ఏర్పాటు కూడా చాలాచోట్ల ఉంటుంది.

పాస్‌వర్డ్ మీ సార్‌కి చేరిందని నేను అనుకోను. సైట్ల జాబితా చూపించే కన్సోల్ వేరు, కీబోర్డు మీద నొక్కిన ప్రతి అక్షరాన్నీ దాచే సాఫ్ట్‌వేర్ వేరు. రెండోది వేశారనడానికి మీ ఉత్తరంలో దాఖలా ఏదీ లేదు. అయినా ఆ సిస్టమ్ మీది కాదు. ఈ సాయంత్రం ఇంటికెళ్లాక మీ ఫోన్లో, మీ సొంత డేటా మీద బ్యాంకు పాస్‌వర్డ్ మార్చేయండి. అనుమానంతో నిద్ర పాడుచేసుకునే కంటే అది తేలిక.

ఇంకొకటి, మీరు అడగనిది. ఆఫీసు క్రోమ్‌లో మీ సొంత జీమెయిల్‌తో లాగిన్ అయి, సింక్ ఆన్‌లో ఉందా? ఉంటే రాత్రి మంచం మీద పడుకుని ఫోన్లో వెతికినవి పొద్దున్న ఆఫీసు సిస్టమ్ హిస్టరీలో ప్రత్యక్షమవుతాయి. సేవ్ చేసిన పాస్‌వర్డులతో సహా. ఏ ఫైర్‌వాలూ అక్కర్లేదు, మీ కుర్చీలో కూర్చున్న ఎవరైనా చూడొచ్చు. నేను చూసిన గొడవల్లో సగం ఇక్కడ పుట్టినవే. సైన్ అవుట్ అవ్వండి, ఆ సిస్టమ్ నుంచి పాస్‌వర్డులు తీసేయండి. అదే చేత్తో మూడు చుక్కల మెనూ అడుగున ‘మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్’ అన్న వాక్యం ఉందేమో చూడండి. ఉందంటే ఆ బ్రౌజర్ పగ్గాలు ఆఫీసు చేతిలో ఉన్నాయి.

ఫోను గురించి ఒక్క మాట. మీ ఫోన్లో ఆఫీసు వాళ్ల యాప్ గానీ సర్టిఫికెట్ గానీ వేయకపోతే, ఆఫీసు వైఫైలో సీల్ తెగదు. గేటు రిజిస్టరులో సైట్ల పేర్లు మాత్రం పడతాయి. చెల్లి సంబంధాలు మొబైల్ డేటా మీద చూడండి. రోజుకొచ్చే డేటాలో అదెంత.

ఇప్పుడు పీకేసే ఆలోచన. ఆ అబ్బాయి పీకిన కాసేపటికల్లా కన్సోల్‌లో మీ సిస్టమ్ పేరు ఎర్రగా మెరుస్తుంది. పెళ్లిసంబంధాలు చూసినందుకు మందలింపు వస్తే, భద్రత తీసేసినందుకు మెమో వస్తుంది. పైగా మీరు పనిచేస్తున్నది దిగుమతిదారుల ఇన్‌వాయిస్‌లు, ఐఈసీ (ఎగుమతి దిగుమతి కోడ్) నంబర్లు, డిజిటల్ సంతకాలు ఉన్న చోట. 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్రంలో పోలీసుల కంప్యూటర్లే తెల్లమొహం వేశాయి. మర్నెల, జూన్ 27న, నాట్‌పెట్యా అనే ఇంకో వైరస్ వచ్చింది. ఉక్రెయిన్లో పన్నుల లెక్కలకి వాడే ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో దూరి, అక్కణ్ణుంచి మెర్‌స్క్ షిప్పింగ్ కంపెనీని ప్రపంచమంతా పడగొట్టింది. ముంబై పక్కన జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో ఆ గ్రూపు నడిపే టెర్మినల్ కూడా ఆగింది. మెర్‌స్క్ తన నష్టాన్ని 20 నుంచి 30 కోట్ల డాలర్లుగా అంచనా వేసుకుంది. మీ సార్ భయానికి కారణం లేకపోలేదు.

అలాగని యాంటీవైరస్‌ని దేవుడిగదిలో పెట్టమనడం లేదు. 2010 ఏప్రిల్లో మెకాఫీ యాంటీవైరస్ అప్‌డేట్ ఒకటి విండోస్ ఎక్స్‌పీ సొంత ఫైలునే వైరస్ అనుకుని పట్టేసి, సిస్టమ్స్‌ని మళ్లీ మళ్లీ రీస్టార్ట్ చేయించింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ అప్‌డేట్ గతి తప్పి, సుమారు 85 లక్షల విండోస్ సిస్టమ్స్ నీలం తెర పట్టి ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అవాస్ట్ యాంటీవైరస్ వాళ్లయితే వినియోగదారులు ఏమేం చూశారో ఆ సమాచారాన్ని జంప్‌షాట్ అనే తమ అనుబంధ కంపెనీ ద్వారా అమ్మేశారు. 2020లో బయటపడి ఆ కంపెనీని మూసేశారు, 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోటీ 65 లక్షల డాలర్లు కట్టించింది. ఇంటికి కాపలా పెట్టుకున్నవాడే ఎవరెవరు వచ్చి వెళ్తున్నారో వీధిలో అమ్ముకున్నట్టు.

అందుకే ఇంట్లో సిస్టమ్‌కి నేను డబ్బు పెట్టి కొనను. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఉంది, అప్‌డేట్లు ఆపకుండా ఉంటే మామూలు ఇంటికి అది చాలు. మీ ఇంట్లో లాప్‌టాప్‌తో వచ్చిన ట్రయల్ ఏదైనా కార్డు నుంచి ఏటా డబ్బు లాగుతుంటే, రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి. ఆ మెసేజ్‌ని చెత్త అనుకుని తుడిచేయకండి, అక్కడే ఆపేయొచ్చు.

పదకొండింటి స్కాన్‌కి పరిష్కారం మీ చేతిలో లేదు, కన్సోల్ చేతిలో ఉంది. టైము మార్చడం ఐదు నిమిషాల పని. లంచ్‌కి మార్చమని అడగండి. ‘సిస్టమ్ స్లో సార్’ అంటే పదకొండు మందిలో పన్నెండో ఫిర్యాదు అవుతుంది. బిల్ ఆఫ్ ఎంట్రీ, అదే కస్టమ్స్‌కిచ్చే దిగుమతి పత్రం, ఆలస్యమైతే మొదటి 3 రోజులు రోజుకి 5,000 రూపాయలు, ఆపైన రోజుకి 10,000 పడుతుందని ఆయనకి తెలియదా? ఆ మాటతో మొదలుపెట్టండి. డోంగిల్ అడ్డం పడడానికి కారణం, సంతకం చేయించే చిన్న ప్రోగ్రాం మీ సిస్టమ్‌లోనే ఒక మూల కూర్చుని బ్రౌజర్‌తో మాట్లాడుతుంది. సీల్ విప్పే యాంటీవైరస్‌కి ఆ గుసగుస నచ్చక మధ్యలో దూరుతుంది. యాంటీవైరస్ ఆఫ్ చేసి సంతకం పెట్టి మళ్లీ ఆన్ చేసే అలవాటు చాలా ఆఫీసుల్లో చూశాను. వద్దు. సర్వీసు కుర్రాణ్ణి పిలిచి ఆ ఒక్క ప్రోగ్రాంకీ, మీరు సంతకం పెట్టే సైటుకీ మినహాయింపు పెట్టించండి. పాత యాంటీవైరస్ ముక్కలేమైనా మిగిలిపోయాయేమో కూడా చూడమనండి. రెండు యాంటీవైరస్‌లు ఒక సిస్టమ్‌లో ఉంటే సవతుల కాపురమే.

ఇక సోమవారం నాటి మాట. ఆఫీసు సిస్టమ్, ఆఫీసు నెట్, వాటిమీద నిఘా పెట్టే హక్కు యజమానికి ఉంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తేల్చింది నిజమే. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాత్రం, ఉద్యోగానికి సంబంధించిన అవసరాలకీ, సంస్థని నష్టం నుంచి కాపాడుకోవడానికీ ఉద్యోగి సమ్మతి లేకుండానే డేటా వాడుకునే వీలు యజమానికి ఇచ్చింది. యూరప్‌లో ఇలాంటిదే ఒక రుమేనియా ఇంజినీరు కేసు మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లింది. 2017లో ఆయన గెలిచాడు. నిఘా ఉంటుందని, ఎంత లోతుగా ఉంటుందని ముందే చెప్పలేదన్నది అందులో పెద్ద పాయింటు. అది మన దగ్గర చెల్లే తీర్పు కాదు గానీ, ఆ పాయింటు మీ ఆఫీసుకీ సరిపోతుంది.

చూడటం తప్పు కాదు, పదకొండు మంది ఉన్నచోట ‘పెళ్లిసంబంధాలు’ అని పైకి అనడం మొరటు పని. ఎవరి ఇంట్లో సంబంధాలు చూస్తున్నారో ఆ గదిలో అందరికీ తెలుసు కదా. ఆయన ఒక్కరే ఉన్నప్పుడు వెళ్లండి. ‘సార్, చెల్లి సంబంధాలు లంచ్‌లో చూసింది నేనే, ఇకమీద ఫోన్లో చూసుకుంటాను. షాపింగ్ నేను చూడలేదు, నోటిఫికేషన్ల గొడవ వల్ల కావచ్చు, అది తీసేశాను. ఏం చూడొచ్చో, ఏం చూడకూడదో, మీకు ఏమేం కనబడుతుందో ఒక కాగితం మీద రాసి అందరి చేతా సంతకాలు పెట్టించండి, అందరికీ బాగుంటుంది’ అనండి. ఇంతకంటే పొడుగ్గా వద్దు, సంజాయిషీలా వినబడుతుంది. ఆరేళ్లు ఆయన ఫైళ్లు మోసిన మనిషి ఇలా సూటిగా అడిగితే కాదనే యజమానిని నేనింకా చూడలేదు.

వచ్చేముందు ఒక్కసారి ఆయన టేబుల్ వైపు చూడండి. ఆఫీసు డోంగిల్ సిస్టమ్‌కి గుచ్చే ఉండి, దాని పిన్ మానిటర్‌కి పసుపు చీటీ మీద అంటించి ఉందా? నాకు తెలిసి సగం ఆఫీసుల్లో ఉంటుంది. ఉంటే రంగుల చక్రం సంగతి రేపు మాట్లాడొచ్చు, ముందు ఆ చీటీ పీకించండి.